అహరోను పంపిన కబురు

మా ఆయన పేరు అహరోను. శ్రీరాంపూర్‌లో బస్సులు ఆగే చోట, మందుల దుకాణానికీ చికెన్ సెంటరుకూ మధ్య ఉన్న ఇరుకు గదిలో నెట్ సెంటర్ నడుపుతాడు. పిల్లల పరీక్ష ఫీజులు, ఆధార్‌లో తప్పుల దిద్దుబాట్లు, బొగ్గుబావి పని నుంచి దిగిపోయినవాళ్ల పింఛను కాగితాలు, ఇదీ ఆయన పని. ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడటం తక్కువ. తెర చూసుకుంటూనే జవాబు చెప్తాడు. "మీ ఆయనకు మా పేర్లు తెల్వయ్ గని, మా పాస్‌వర్డులన్ని నోటికొచ్చు" అని వాడకట్టు ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవారు.

ఆయన బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. బావిలో పైకప్పు విరిగి మీద పడ్డప్పుడు చాలా రక్తం పోయింది. మా ఆయనకు అప్పటికి మీసాలు కూడా రాలేదు. ఆసుపత్రి మెట్ల మీద ఏం చేయాలో తెలియక కూర్చుని ఉంటే, ఎవరో ఇద్దరు బొగ్గు మసి కడుక్కోకుండానే వచ్చి, రక్తమిచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారట. బాపు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, మా పెళ్లి చూశాడు. ఆ ఇద్దరెవరో కనుక్కోవాలని మా ఆయన ఎంత తిరిగినా దొరకలేదు. ఆ తిరుగుడులోనే ఆయనకు ఈ ఆలోచన పుట్టింది. ఫోనులో వీడియోలు చూసి చూసి, తప్పులు చేసి చేసి, సైటు తయారు చేయడం సొంతంగా నేర్చుకున్నాడు.

దానికొక పేరు పెట్టాడు కానీ ఆ పేరు ఎవరూ పలకలేదు. అందరికీ అది అహరోను సైటే. రక్తం కావలసినవాళ్లు అందులో రోగి పేరు, గ్రూపు, ఆసుపత్రి రాసి ఒక బటన్ నొక్కుతారు. ఆ గ్రూపున్న దాతలందరికీ ఒకేసారి ఫోనులో మెసేజ్ పోతుంది. మంచిర్యాల నుంచి ఆదిలాబాద్ దాకా, ఉట్నూర్ అడవి పల్లెల దాకా జనం అందులో పేర్లు రాయించుకున్నారు. చర్చి ముందర, బావి గేటు దగ్గర, సంతల్లో నిలబడి ఒక్కొక్కరినీ అడిగి ఆయనే రాయించాడు.

దానికి ఆయన పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. మెసేజ్ ఒక్కసారే పోవాలి. ఆ తర్వాత దాతకు ఎవరూ ఫోను చేయకూడదు. మొదట్లో ఒక రోగి ఇంటివాళ్లు దాత నంబరు ఎట్లాగో సంపాదించి, గడియకోసారి ఏడుస్తూ ఫోను చేస్తే, అతను సిమ్మే మార్చేసుకున్నాడు. "రక్తం ఇస్తె తీసుకునేదే గని, మెడ మీద కూసోని అడిగేది కాదు. మల్ల మల్ల అడిగితె మనిషి బెదుర్తడు, రెండోసారి రాడు" అనేవాడు మా ఆయన. తను కూడా ఎవరికీ చేసేవాడు కాదు.

మా దిక్కు దాతలు జవాబు కూడా ఇవ్వరు. బావిలోకి దిగేవాళ్లు ఫోను పైనే పెట్టి దిగాలి. అడవి ఊళ్లలో గుట్ట ఎక్కితేగానీ సిగ్నలు దొరకదు. మెసేజ్ చదివిందే ఎక్కువ, మళ్లీ అందులో జవాబు రాయడం ఎవరికి వస్తుంది? వాళ్లు "వస్తున్న" అని చెప్పరు, వచ్చి ఆసుపత్రి ముందర నిలబడతారు. అందుకని మెసేజ్ పోయాక ఏ చప్పుడూ లేకపోతే మేము భయపడేవాళ్లం కాదు. చప్పుడు లేదంటే మనుషులు బయల్దేరారని అనుకునేవాళ్లం.

సైటులో ఏ మార్పు చేసినా ముందు ఇంట్లోని కంప్యూటరు మీద చేసి చూసుకునేవాడు. కూర దించేముందు అరచేతిలో చుక్క వేసుకుని ఉప్పు చూసుకున్నట్టు. కానీ ఉత్త పరీక్ష కోసం దాతలకు మెసేజ్ పోతే వాళ్లు నిజమనుకుని పని వదిలి పరుగెత్తుకొస్తారు. అది పాపమని ఆయన భయం. అందుకే ఇంట్లోని కంప్యూటరులో ఒక సెట్టింగు పెట్టాడు. ఎంతమంది దాతలకు పంపినా ఆ మెసేజ్‌లన్నీ ఒక్క నంబరుకే వచ్చేటట్టు. ఆ నంబరు వాళ్లవ్వది, మా అత్త లచ్చవ్వది.

మా అత్తకు అక్షరం ముక్క రాదు. బటన్ల ఫోను ఒకటి బొడ్లో సంచిలో పెట్టుకుని తిరిగేది. అది కుయ్యిమన్నదంటే చాలు, వాకిలి ఊడుస్తున్నా, నీళ్ల బిందె ఎత్తుకున్నా అక్కడి నుంచే కేకేసేది.

"ఓ అరోనూ! వచ్చిందిరా నీ మెసేజు!"

"ఎన్నొచ్చినయే అవ్వా?"

"నాకేమెరుక. చీమల బారు లెక్క వస్తనే ఉన్నయ్. ఎవలకు రా గింతగనం రక్తం?"

"ఎవలకు కాదే, ఉత్తగనే చూస్తున్న."

"ఉత్తగ చూసేదానికి నా ఫోను గిట్ల మొత్తుకోవాల్నా? చార్జింగ్ అయిపోతె నీ పెండ్లాం ఎక్కిస్తదా?" అని నా వైపు చూసి నవ్వేది. ఎక్కించేది నేనేనని ఆమెకూ తెలుసు.

పోయిన ఎండకాలం మా అత్త నిద్రలోనే పోయింది. ఊపిరి ఆడని జబ్బు కొంతకాలంగా ఉంది. పెట్టెలో పడుకోబెట్టి, ఆడవాళ్లం ఆమె చేతి కింద బైబిలు పెట్టాం. చదవడం రాకపోయినా ఆదివారం పొద్దున దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చునేది. మా ఆయన లోపలికి వెళ్లి ఆ ఫోను తెచ్చి రెండో చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"ఫోనెందుకు అహరోనూ?" అన్నాడు పాస్టరయ్య.

మా ఆయన అవ్వ వేళ్లు సర్దుతూనే ఉన్నాడు. పక్కన జేమ్స్ ఉన్నాడు. జేమ్స్ మా చెల్లెలు హెప్సిబా భర్త, ఉట్నూర్‌లో జీపు నడుపుతాడు.

"ఉండనియ్యండి అయ్యగారూ. అవ్వ ఆడికి పోయినంక గూడ కొడుకును అరుసుకోవాలె గదా" అన్నాడు జేమ్స్. ఏడుస్తున్నవాళ్లు కూడా కొంచెం నవ్వారు. పెట్టెను మట్టిలోకి దించిన నలుగురిలో జేమ్స్ ఒకడు.

హెప్సిబా నాకంటే చాలా చిన్నది. మా అమ్మ తొందరగా పోతే దాన్ని నేనే పెంచాను. తల దువ్వితే ఏడ్చేది, దువ్వకపోతే అలిగేది. అత్త సమాధి కార్యానికి వచ్చినప్పుడు దానికి మూడో నెల. ఆ సంగతి చావు ఇంట్లో పైకి చెప్పకూడదని వంటింట్లోకి లాక్కుపోయి నా చెవిలో చెప్పింది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో సైటు ఆగిపోయింది. సైటు మా ఇంట్లో ఉండదు. ఎక్కడో పెద్ద ఊళ్లో అద్దెకు తీసుకున్న మిషను మీద ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. దాన్ని అద్దెకిచ్చిన కంపెనీ చెప్పా పెట్టకుండా మూసేసింది. ఫోను ఎత్తే మనిషి లేడు. దాతల పేర్లు మాత్రం మా ఆయన వారానికోసారి ఇంట్లో దాచుకునేవాడు కాబట్టి దక్కాయి. ఇంకో కంపెనీ దగ్గర కొత్త మిషను తీసుకుని, ఇంట్లోని నకలును దాని మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు.

అది అంత తేలిగ్గా ఎక్కలేదు. మొదట పేజీ తెరిస్తే తెల్లగా ఖాళీ గోడలాగా వచ్చింది. తర్వాత ఐదువందలని ఒక అంకె వచ్చి కూర్చుంది. మిషను లోపల ఏదో విరిగిందని చెప్పే అంకె అట అది, ఏది విరిగిందో మాత్రం చెప్పదట. నేను అన్నం పళ్లెం పట్టుకుని వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇప్పుడేమైంది?"

"దాతల పేర్లున్న అర తెరుసుకుంటలేదు. తాళం ఒకటున్నది, తాళంచెవి ఇంకోటున్నది."

"తిని చూడరాదూ."

"తింటుంటె యాదిల ఉన్నది పోతది. ఆడ పెట్టు."

ఆ తాళం తెరుచుకున్నాక పేర్లు వచ్చాయి కానీ తెలుగు అక్షరాల చోట చిన్న చిన్న డబ్బాలు వచ్చాయి. లచ్చన్న లేడు, పోశవ్వ లేదు, అందరూ డబ్బాలే. అదీ సరిచేశాడు. ఒక్కో తప్పు దిద్దుతుంటే దాని వెనకనుంచి ఇంకో తప్పు బయటపడేది. చివరకు ఒక సాయంత్రం అన్నీ కుదురుకున్నాయి. ఎప్పుడూ ఇంట్లో పరీక్ష చేసినట్టే, ఉత్త పేరు మీద ఒక కబురు పంపి చూశాడు. తెర మీద దాతల పేర్ల పక్కన వరుసగా పచ్చ టిక్కులు పడ్డాయి.

"పోయింది" అన్నాడు.

ఎప్పుడూ వాకిట్లోనుంచి వచ్చే కేక రాలేదు. ఆయన తల తిప్పి మా అత్త మంచం ఉండే మూల వైపు చూశాడు. ఆ మంచం అప్పటికే ఎత్తి గోడకు ఆనించాం. ఆయన ఇంకేమీ చూడలేదు. కంప్యూటరు ఆపేసి, ముఖం కడుక్కుని వచ్చి, చల్లారిన అన్నం తిన్నాడు.

తర్వాత కొన్నాళ్లు ఎవరికీ అవసరం పడలేదు. కొత్త మిషను మీద వచ్చిన మొదటి అవసరం మా హెప్సిదే.

ఉట్నూర్‌లో దానికి ఆడపిల్ల పుట్టింది. కాన్పు నెల ముందే వచ్చింది. బిడ్డ బాగానే ఉంది కానీ తల్లికి రక్తం పోవడం ఆగడం లేదని ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పొద్దున నేను పొయ్యి మీద చాయ్ పెట్టి ఉండగా జేమ్స్ ఫోను చేశాడు. మా ఆయన స్పీకరు పెట్టాడు.

"అన్నా, హెప్సికి ఆపరేషన్ చెయ్యాలంటున్నరు. ఓ నెగెటివ్ రక్తం కావాలె. ఉన్నది ఎక్కిచ్చిన్రు, ఇంక లేదట. చేతిల రక్తం ఉంటెనే లోపటికి తీస్కపోతమన్నరు. శాంపిల్ పట్టుకోని నేనే మంచిర్యాల బ్లడ్ బ్యాంకుకు పోయి తెస్త, జీపు ఈడనే ఉన్నది."

"నువ్వు యాడికి పోకు తమ్మీ" అంటూనే మా ఆయన తెర ముందు కూర్చుని రాస్తున్నాడు. "నువ్వు పోతె ఆమె దగ్గర ఎవలుంటరు? పొయ్యి వచ్చేటాళ్లకు పొద్దు గూకుతది. ఇగో, పంపిన. మెసేజు పోయింది. ఇచ్చోడల కైలాసమన్న ఉన్నడు, ఆదిలాబాద్‌లనే ఉన్నోళ్లున్నరు. జరసేపట్ల నీ ముందర నిలబడ్తరు."

"పక్కానా అన్నా?"

"పక్కా. టిక్కులు పడ్డయ్, నా కండ్లతోని చూస్తున్న."

జేమ్స్ ఫోను హెప్సికి ఇచ్చాడు. దాని గొంతు దూరం నుంచి వస్తున్నట్టుంది.

"అక్కా, పాప జుట్టు నీ లెక్కనే ఉన్నదే. ఉంగరాలు."

"మాట్లాడకు, అలిసిపోతవ్."

"నువ్వే దువ్వాలె దానికి. నాతోని కాదు. బావ పంపిండట గదా?"

"పంపిండు."

"గట్లయితె నాకేం ఫికర్ లేదు" అంది.

నేను బట్టలు సర్దాను. పాత మెత్తని చీరలు రెండు పసిబిడ్డకోసం చింపి పెట్టుకున్నాను. వెళ్దాం పదమంటే ఆయన ఆగమన్నాడు. జన్నారం దాటితే అడవి, ఉట్నూర్ దాకా సిగ్నలుండదు. ఒక మనిషి హెప్సి దగ్గరికి చేరినట్టు తెలిస్తే అప్పుడు పోదాం, అందాకా సైటు ముందు తను ఉండాలి అన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

జేమ్స్ మళ్లీ ఫోను చేశాడు. "ఎవ్వలు రాలే అన్నా."

"వస్తరు తమ్మీ. వాగులేమన్న అడ్డమొచ్చినయో ఏమో. ఫస్ట్ షిఫ్ట్ల దిగినోళ్లు పైకొస్తె గాని ఫోను చూడరు."

ఇంకోసారి చేశాడు. ఈసారి గొంతు మారింది. "ముఖం తెల్లగ అయితున్నదన్నా. నర్సమ్మ ఊకె వచ్చి అడుగుతున్నది, వచ్చిందా వచ్చిందా అని. నేను మంచిర్యాల పోయొస్త."

"ఇప్పుడు నువ్వు బయల్దేరితె, వచ్చినోడు నిన్ను దేవులాడ్తడు. ఉండు తమ్మీ. నా మాటిను."

నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. "కైలాసమన్నకు ఒక్క ఫోను చెయ్యరాదూ" అన్నాను.

"చెయ్యద్దని ఊరందరికి చెప్పి, నేనే చెయ్యాల్నా?"

"మన హెప్సి కదయ్యా."

"మనదైతె మారుతదా కట్టుబాటు?" అన్నాడు. కోపంగా అనలేదు. తెర వైపు చూపించాడు. "చూడు, అన్ని పచ్చగున్నయ్. బయల్దేరిన్రు. దారిల ఉంటరు."

బావి సైరన్ మోగింది. ఫస్ట్ షిఫ్ట్ అయిపోయి మనుషులు సైకిళ్ల మీద, బండ్ల మీద మా సందులోనుంచి పోతున్నారు. ఓ నెగెటివ్ ఉన్నవాళ్లు మా కాలనీలో కూడా ఉన్నారు. మామూలుగా అయితే పైకి రాగానే మెసేజ్ చూసుకుని, "ఏ దవాఖానా?" అని వాకిట్లోనుంచే అరుస్తారు. ఎవరూ అరవలేదు. అందరూ స్నానాలకూ అన్నాలకూ ఇళ్లకు పోతున్నారు. మా ఆయన గుమ్మంలో నిలబడి వాళ్లను కాసేపు చూశాడు. అరచేత్తో ముఖం రుద్దుకున్నాడు. అప్పుడు తీశాడు ఫోను.

కైలాసం ఇచ్చోడలో రోడ్డు పక్కన చాయ్ హోటలు పెట్టుకున్న మనిషి. ఎన్నోసార్లు రక్తమిచ్చాడు.

"కైలాసమన్నా, ఏడిదాక వచ్చినవే?"

"ఏడికి రావాలె? హోటల్లనే ఉన్న, మిర్చీలు ఏస్తున్న."

మా ఆయన తెర వైపు తిరిగాడు. "మెసేజు చూడలేదా?"

"ఏం మెసేజు? ఏం రాలే. ఫోను కౌంటర్ మీదనే ఉన్నది. ఎవలకు?"

"నా మరదలుకు. ఆదిలాబాద్ పెద్దాసుపత్రిల. పొద్దుగాల నుంచి."

అవతల నూనె చిటపటలు వినిపిస్తున్నాయి. తర్వాత పొయ్యి ఆర్పిన చప్పుడు.

"పొద్దుగాల నుంచా? అరె, గింత దగ్గర ఉంటినిగదనే! ఒక్క ఫోను కొడితె ఏం పోయె నీది? పెట్టెయ్, బండి తీస్తున్న."

మా ఆయన తెర మీద టిక్కులు మళ్లీ చూశాడు. మెసేజ్‌లు మోసుకుపోయే కంపెనీకి హైదరాబాద్ ఫోను చేశాడు. ఒక అమ్మాయి ఎత్తింది.

"మీ మెసేజ్‌లన్నీ మాకు అందాయి సార్. మా వైపు నుంచి పంపేశాం."

"పంపితే ఎవలకు ఎందుకు రాలేదమ్మా?"

"ఒక్క నిమిషం సార్." కీబోర్డు టకటకలు వినిపించాయి. "ఇవన్నీ వేరు వేరు నంబర్లకు కాదు సార్, అన్నీ ఒకే నంబరుకు వెళ్లాయి. ఆ ఫోన్ స్విచాఫ్‌లో ఉంది. నంబరు చెప్పమంటారా?"

ఆ అమ్మాయి ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్తోంది. చివరి అంకెలు ఆమెకంటే ముందే మా ఆయన నోట్లోనుంచి వచ్చాయి.

"మీకు తెలిసిన నంబరేనా సార్?"

"తెలుసమ్మా" అని పెట్టేశాడు.

నేను కూడా ఆ నంబరు గుర్తుపట్టాను. కానీ ఎట్లా అయిందో అర్థం కాలేదు. ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు.

"పాత మిషన్ల సెట్టింగులు దానితోనే పోయినయ్. ఇంట్ల కంప్యూటర్లవి తీసి కొత్త దాని మీద పెట్టిన. తాళాలు మార్చిన, అన్ని మార్చిన. పరీక్ష అన్నకాడ ఔను అని ఉన్నది, అది మార్చలే. టిక్కు అంటే కంపెనోళ్లకు అందినట్టు, గంతే. మనిషికి అందినట్టు కాదు. అవ్వ ఉంటె..." అని ఆగిపోయాడు.

ఔను అన్నచోట కాదు అని దిద్దడానికి పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు. మళ్లీ పంపాడు. పంపిన మరుక్షణమే వెనక వీధి నుంచి బావి పని చేసే ఒకతను తడి తలతో, తువ్వాలు భుజాన వేసుకునే పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, ఏ దవాఖానా? ఆదిలాబాదా? పద, కారు తీస్త" అన్నాడు. మేం ఎక్కి కూర్చున్నాం.

జన్నారం దాటాక ఫోన్లు చచ్చిపోయాయి. టేకు చెట్ల మధ్య రోడ్డు తడిగా ఉంది. కారు నడిపే అతను మాకు ధైర్యం చెప్పాలని ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు, ఎవరికో ఇట్లాగే అయితే బతికారని. మా ఆయన ముందు సీట్లో ఫోనును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఉట్నూర్ దగ్గర సిగ్నలు వచ్చింది. ఫోను వరుసగా మోగి ఆగింది. జేమ్స్ చేసిన కాల్స్ అవన్నీ, మేం అడవిలో ఉన్నప్పుడు చేసినవి. ఆయన తిరిగి చేయలేదు. నేను చేయమనలేదు. కారు ఇంద్రవెల్లి దాటింది. నేను ఒళ్లో సంచిలోని చీర ముక్కలు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాను.

ఆసుపత్రికి చేరేసరికి మసక పడుతోంది. వరండాలో జనం ఉన్నారు. ముందు కైలాసం కనిపించాడు. చొక్కా మీద శనగపిండి మరకలు అట్లాగే ఉన్నాయి. రక్తమివ్వడానికి మడిచిన కుడిచేతి చొక్కా ఇంకా మోచేతి పైనే ఉంది. మా ఆయనను చూసి లేచి నిలబడ్డాడు, కానీ దగ్గరికి రాలేదు.

"నేను బండి స్టాండేస్తున్న, లోపట నుంచి ఏడుపు వినవడ్డది" అన్నాడు.

హెప్సిని అప్పటికే ఒక పక్క గదిలోకి మార్చారు. ఊపిరి లేని ముఖం సున్నం వేసినట్టుంది. చేతి మీద సూది పీకిన చోట దూది అంటించి ఉంది. జుట్టు చిక్కులు పడి మెడ కింద ముద్దగా ఉంది. పక్కన ఎవరో ఆయమ్మ బిడ్డను ఎత్తుకుని ఉంది. నేను సంచి తెరిచి చీర ముక్క ఆమెకిచ్చాను. తర్వాత దువ్వెన కోసం వెతికాను. తేలేదు. వేళ్లతోనే ఆ చిక్కులు తీస్తూ కూర్చున్నాను. లాగితే ఏడ్చే పిల్ల.

జేమ్స్ గోడకు ఆనుకుని ఉన్నాడు. మా ఆయన వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"అన్నా, పొద్దుగాలనే పోయిందంటివి" అన్నాడు జేమ్స్.

"పోయింది తమ్మీ."

"ఈళ్లందరు మధ్యాహ్నం దాటినంక వచ్చిందంటున్నరు. అందరు గదే మాట చెప్తున్నరు."

"నేను పొద్దుగాల పంపినయన్ని అవ్వ నంబరుకు పోయినయ్. ఉత్త పరీక్షకు పెట్టుకున్న సెట్టింగు తియ్యకుంటనే కొత్త మిషన్ మీదికి ఎక్కించిన. తప్పు నాది."

"ఏ అవ్వ?"

"మా అవ్వ."

జేమ్స్ గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "ఆ ఫోను పెట్టెల పెట్టినం గదన్నా. నేనే దించితిని గదా పెట్టె."

"ఆ."

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని మా ఆయన నిలబడ్డ తీరు చూస్తే తెలుస్తోంది. చేతులు రెండూ కిందికి వదిలేసి, ముఖం కొంచెం ముందుకు పెట్టి ఉన్నాడు. జేమ్స్ కొట్టలేదు. జేబులోనుంచి జీపు తాళంచెవి తీసి దాన్ని చూస్తూ అన్నాడు.

"నన్ను మంచిర్యాలకు పోనియ్యకపోతివి."

బయట ఏదో బండి ఆగింది. ఇద్దరు కుర్రవాళ్లు తడిసిన బట్టలతో మెట్లెక్కి వచ్చారు. ఉట్నూర్ అవతల గూడెం నుంచి వచ్చారట. "హెప్సిబా అనే అమ్మకు రక్తమియ్యాలె, ఎవరిని అడగాలె?" అని వరండాలో ఉన్నవాళ్లను అడుగుతున్నారు. అందరూ గది వైపు చూశారు. వాళ్లు లోపలికే వచ్చి, గుమ్మంలో మమ్మల్ని చూసి, మంచాన్ని చూసి, అక్కడే ఆగిపోయారు. వెనక ఇంకో బండి వెలుతురు గేటు మీద పడింది.

"అన్నా, ఇంక రావద్దని చెప్పు అందరికి" అన్నాడు జేమ్స్. "వచ్చినోళ్లకల్ల నేను చెప్పలేను. నాతోని కాదు."

మా ఆయన ఫోనులో సైటు తెరిచాడు. ఒక కబురును ముగించడానికి అందులో ఉన్నది ఒక్కటే మెసేజ్. సైటు పెట్టిన కొత్తలో ఆయనే కూర్చుని రాసుకున్నాడు, నాకు చదివి వినిపించాడు కూడా. ఇక రక్తం అవసరం లేదు, మీ అందరికీ వందనాలు అని. రక్తం దొరికినవాళ్ల కోసం రాసింది అది. దొరకనివాళ్ల కోసం ఆయన ఏమీ రాసి పెట్టలేదు. బొటనవేలు తెర మీద పెట్టబోయి ఆపాడు. ఇంకో మాట కోసం వెతుకుతున్నాడేమో. జేమ్స్ చూస్తున్నాడు, గుమ్మంలో కుర్రవాళ్లు చూస్తున్నారు.

"నొక్కయ్యా" అన్నాను. వచ్చినప్పటి నుంచి నేను ఆయనతో అన్న మాట అదొక్కటే.

నొక్కాడు.

ముందు కైలాసం జేబులో మోగింది. తర్వాత గుమ్మంలో ఉన్న ఇద్దరి దగ్గరా మోగింది. మెట్ల మీద ఒకటి, వరండా చివర ఒకటి, గేటు దగ్గర అప్పుడే బండి దిగుతున్నతని దగ్గర ఒకటి. ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఎవరూ ఫోను తీసి చూసుకోలేదు.